ఏఐ ఎవరి చేతికివ్వాలి? టీచర్లకూ పిల్లలకూ పనికొచ్చే సాధనాల పోలిక

టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో వారానికో కొత్త ఏఐ యాప్ లింకు తిరుగుతోంది. ఒకరు చాట్‌జీపీటీ చాలంటారు, ఇంకొకరు జెమినై తెలుగు బాగుందంటారు, ట్రైనింగ్‌లో ఆర్పీగా (శిక్షణ ఇచ్చే టీచరుగా) వెళ్లొచ్చిన సారు నోట్‌బుక్‌ఎల్ఎమ్ చూడమంటారు. ఇళ్లలో తంటా ఇంకో రకం. పిల్ల హోంవర్క్ పది నిమిషాల్లో అయిపోతోంది, సంతోషించాలో కంగారుపడాలో అమ్మకు అర్థం కావడం లేదు.

నన్నడిగితే యాప్ పేరు చివర్లో తేల్చుకోవాల్సిన సంగతి. ఫోను ఎవరి చేతిలో ఉంటుంది, బుర్రకు పని ఎవరు పెడతారు అన్నవి ముందు తేలాలి. ఆ రెండూ తేలితే మిగిలిన ఎంపిక చాలా తేలిక. అందుకే కొలతలతో మొదలుపెడతాను.

## ఏం చూసి ఎంచుకోవాలి

ఆలోచించే పని ఎవరు చేస్తున్నారు? అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. టర్కీలో దాదాపు 1000 మంది హైస్కూలు విద్యార్థుల మీద లెక్కల్లో ఒక ప్రయోగం చేశారు. ఒక గుంపుకు మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. ఇంకో గుంపుకు జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చే ట్యూటర్ ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ లేదు. సాధన చేసేటప్పుడు మొదటి గుంపు ఏఐ లేనివాళ్లకంటే 48 శాతం మెరుగ్గా, ట్యూటర్ గుంపు 127 శాతం మెరుగ్గా చేసింది. తర్వాత ఏఐ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్ వాడిన పిల్లలు అసలు ఏఐ ముట్టనివాళ్లకంటే 17 శాతం వెనకబడ్డారు. ట్యూటర్ గుంపుకు ఆ నష్టం దాదాపుగా రాలేదు, అయితే చెప్పుకోదగ్గ లాభమూ రాలేదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: ఆ ట్యూటర్ ఇచ్చే సూచనలు, పిల్లలు మామూలుగా చేసే తప్పుల వివరాలు అక్కడి టీచర్లు ముందే రాసిపెట్టినవి. అంటే మంచి ట్యూటర్ వెనక కూడా ఒక టీచరు కూర్చుని పని చేశారన్నమాట.

తెలుగు ఎంతవరకు వచ్చు? మాట్లాడే తెలుగు, రాసే తెలుగు ఇప్పుడు బాగానే వస్తున్నాయి. ఈ మోడళ్లు మనలా అక్షరాలు చదవవు, పాఠాన్ని టోకెన్లనే ముక్కలుగా నరికి చూస్తాయి. 2024 మే నెలలో జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు ఓపెన్‌ఏఐ ఒక ఉదాహరణ ఇచ్చింది. ఒక చిన్న పరిచయ వాక్యానికి తెలుగులో అంతకుముందు 159 టోకెన్లు పట్టేవి, కొత్త పద్ధతిలో 45కు తగ్గాయి. అదే మాటకు ఇంగ్లిష్‌లో పాత పద్ధతిలోనూ 27తో సరిపోయేది. తెలుగులో అడిగితే నెమ్మదిగా రావడం, ఉచిత పరిమితి త్వరగా అయిపోవడం వెనక చాలావరకు ఇదే ఉండేది. ఇప్పుడు పరిస్థితి మెరుగు. కానీ ఆ ముక్కలు ఇప్పటికీ మన అక్షరం దగ్గర తెగవు.

దాని ఫలితం చూడాలంటే పదో తరగతి తెలుగు పేపరు తీయండి. ఉత్పలమాల పాదం ఒకటి ఇచ్చి గణవిభజన చేయమనండి. భ ర న భ భ ర వ అని సూత్రం తడుముకోకుండా చెబుతుంది. పాదంలోని అక్షరాలకు గురులఘువులు గుర్తించే దగ్గర మాత్రం తప్పటడుగులు వేస్తుంది, సంయుక్తాక్షరం ముందున్న అక్షరాన్ని లఘువని రాసేస్తుంది. వేమన పద్యం చెప్పమంటే ఇంకా ప్రమాదం. గుర్తు రాకపోతే తానే మూడు పాదాలు అల్లి, కింద విశ్వదాభిరామ మకుటం తగిలించి ఇచ్చేయగలదు. తెలుగు పండితులకు నవ్వొస్తుంది, ఏడో తరగతి పిల్లాడికి తేడా తెలియదు. మీరు ఎంచుకోబోయే సాధనాన్ని ఈ రెండిటితో ఒకసారి పరీక్షించి చూడండి, దాని సత్తా ఎంతో తెలిసిపోతుంది.

మన పుస్తకానికి కట్టుబడుతుందా? పరీక్షలో మార్కులు పడేది పుస్తకంలోని పదానికి, పుస్తకంలోని పద్ధతికి. చాట్‌బాట్ గ.సా.భా. కనుక్కునే పద్ధతి సరైనదే అయినా మీ పుస్తకం చెప్పినది కాకపోవచ్చు. అంకశ్రేఢి, వక్రీభవనం, ద్రవ్యవేగం లాంటి మాటలకు బదులు ఇంకేవో వాడొచ్చు. పిల్లలకు అక్కడే గందరగోళం మొదలవుతుంది.

ఫోను, నెట్టు, సమయం. గ్రామీణ భారతం మీద అసర్ 2024 నివేదిక ప్రకారం 14 నుంచి 16 ఏళ్ల పిల్లల ఇళ్లలో దాదాపు 90 శాతం చోట్ల స్మార్ట్‌ఫోన్ ఉంది. వాడటం తెలిసినవాళ్లలో అంతకుముందు వారం చదువు కోసం వాడామన్నవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడామన్నవాళ్లు 76 శాతం. ఫోను ఉండటం వేరు, అది సాయంత్రం ఆరింటికి పిల్ల చేతికి చదువు కోసం దొరకడం వేరు.

వయసు, పిల్లల వివరాలు. చాట్‌జీపీటీ నిబంధనల్లో కనీస వయసు 13 ఏళ్లు, 18 లోపు వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. యునెస్కో కూడా 2023 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో తరగతి గదిలో ఇలాంటి ఏఐ వాడకానికి 13 ఏళ్ల కనీస పరిమితిని సూచించింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి నిర్ధారించుకోదగ్గ అనుమతి ఉండాలి. ఆ చట్టం రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. టీచర్లకు దీని అర్థం చాలా సాదా: మార్కుల రిజిస్టరు ఫొటో తీసి చాట్‌బాట్‌లో పెట్టకండి. పేర్లు, ఆధార్ నంబర్లు, ఫొటోలు తీసేసి, రోల్ నంబర్లు కూడా మార్చి, ఉత్త మార్కులు మాత్రం ఇవ్వండి.

## ఒక్క చూపులో

| సాధనం రకం | ఎవరికి ఎక్కువ లాభం | ఆలోచన ఎవరిది | తెలుగు | పుస్తకానికి దగ్గరా? |
|---|---|---|---|---|
| మామూలు చాట్‌బాట్లు (చాట్‌జీపీటీ, జెమినై) | టీచరు | అడిగే తీరును బట్టి | వాక్యం బాగు, పద్యం, వ్యాకరణం బలహీనం | లేదు, చెప్పి చేయించుకోవాలి |
| ఇచ్చిన పాఠం మీదే నడిచేవి (నోట్‌బుక్‌ఎల్ఎమ్) | టీచరు, ఇంటర్ ఆపై విద్యార్థులు | సగం సగం | పీడీఎఫ్ ఫాంటును బట్టి | చాలా దగ్గర |
| ప్రశ్నించే ట్యూటర్లు (స్టడీ మోడ్, గైడెడ్ లెర్నింగ్, ఖాన్‌మిగో) | పట్టుదల ఉన్న విద్యార్థి | విద్యార్థిదే | ఇంగ్లిష్‌లో సాఫీగా, తెలుగులో ఫర్వాలేదు | కొంతవరకు |
| స్థాయిని బట్టి సాధన చేయించేవి (పాల్, మైండ్‌స్పార్క్) | వెనకబడిన పిల్లలు | విద్యార్థిదే | రాష్ట్రం కోసం చేసినవైతే బాగు | సిలబస్ కంటే పిల్ల స్థాయికి దగ్గర |
| ఫొటో తీస్తే లెక్క చేసేవి | జవాబు సరిచూసుకునేవాళ్లు | యాప్‌ది | లెక్కకు భాషతో పనిలేదు | లేదు |

## మామూలు చాట్‌బాట్లు: టీచరు చేతిలో బంగారం, పిల్ల చేతిలో అనుమానం

చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. జెమినై యాప్ 2024 జూన్‌లో మన దేశంలో విడుదలైనప్పుడే తెలుగు సహా 9 భారతీయ భాషల్లో వచ్చింది. రెండిటి మధ్య నాణ్యతలో తేడా నెలనెలా మారుతుంటుంది కాబట్టి ఏది గొప్పదన్న వాదనకు నేను దిగను. గూగుల్ డాక్స్, డ్రైవ్ ఎక్కువగా వాడే టీచరుకు జెమినై చేతికందుతుంది. మిగతావాళ్లు దేనికి అలవాటు పడితే అది వాడుకోవచ్చు.

టీచరుకు దీని అసలు ఉపయోగం పీరియడ్ ప్లాన్ రాయించుకోవడంలో ఉందని చాలామంది అనుకుంటారు. ప్లాన్ వస్తుంది నిజమే, రిజిస్టరు నిండుతుంది. అయితే అలా వచ్చిన ప్లాన్ ఏ ఊరి బడికైనా ఒకేలా ఉంటుంది. అంతకంటే విలువైన పనులు వేరే ఉన్నాయి. పిల్లలు ఎక్కడెక్కడ తప్పులు చేస్తారో ముందే ఊహించి చెప్పమనడం వాటిలో మొదటిది. భిన్నాల పాఠానికి ముందు రోజు రాత్రి ఇలా అడిగి చూడండి:

*"ఐదో తరగతి పిల్లలకు భిన్నాల కూడిక చెప్పబోతున్నాను. వాళ్లు సాధారణంగా చేసే ఐదు తప్పులు రాయి. ఒక్కో తప్పు వెనక వాళ్ల ఆలోచన ఏమిటో చెప్పు. ఆ ఆలోచనను బయటపెట్టే ఒక్కో ప్రశ్న ఇవ్వు. జవాబులు విడిగా కింద రాయి."*

1/3కు 1/4 కలిపితే 2/7 అని రాసే పిల్లాడు లవాలు లవాలతో, హారాలు హారాలతో కలుపుతున్నాడు. (3+4)²ను 3²+4²గా విడగొట్టే ఎనిమిదో తరగతి అమ్మాయి 49 రావాల్సిన చోట 25 తెస్తుంది. ఇలాంటివి అనుభవమున్న లెక్కల మేడమ్‌కు కొత్త కాదు. డీఎస్సీ కొట్టి నిన్న కాక మొన్న చేరిన టీచరుకు మాత్రం పెద్ద ఆసరా. ఒకే పాఠానికి మూడు స్థాయిల వర్క్‌షీట్లు, ఎఫ్ఏ (ఫార్మేటివ్) పరీక్షకు ప్రశ్నల ముసాయిదా, ఇంగ్లిష్ మీడియం పాఠానికి తెలుగు వివరణ కూడా ఇలాగే చేయించుకోవచ్చు.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. బిట్ పేపరు తయారు చేయించుకుంటే కీ కూడా అదే ఇస్తుంది, ఆ కీలో తప్పులుంటాయి. తప్పును కూడా ఒప్పంత ధీమాగానే రాస్తుంది. ముందు మీరు పేపరు చేసి, తర్వాత కీ చూడండి. జవాబు పత్రాలు దిద్దించే ఆలోచన ప్రస్తుతానికి మానుకోండి. పిల్లల చేతిరాత తెలుగును చదవడంలోనే తడబడే సాధనం వేసిన మార్కులను పేరెంట్స్ మీటింగ్‌లో ఎవరు సమర్థిస్తారు?

టీచరు చేతికే ముందు ఇవ్వాలనడానికి ఒక ఆధారం స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2024లో వెలువరించిన అధ్యయనం. అమెరికాలో ఆన్‌లైన్లో లెక్కలు చెప్పే 900 మంది ట్యూటర్లు, 1800 మంది పిల్లలు అందులో ఉన్నారు. ఏఐ పిల్లలతో అసలు మాట్లాడలేదు. పిల్ల తప్పు చేసినప్పుడు ఇలా అడిగి చూడండి అని ట్యూటరుకు తెర మీద సలహా ఇచ్చేది, అంతే. పాఠంలో పట్టు సాధించిన పిల్లలు 4 శాతం పాయింట్లు పెరిగారు. తక్కువ రేటింగ్ ఉన్న ట్యూటర్ల దగ్గరి పిల్లల్లో ఆ పెరుగుదల 9 పాయింట్లు.

## నోట్‌బుక్‌ఎల్ఎమ్: పాఠం మనమిస్తాం, మాట అది చెబుతుంది

గూగుల్ 2023లో తెచ్చిన ఈ సాధనం పద్ధతి వేరు. మీరు పాఠం పీడీఎఫ్, మీ నోట్సు, పాత ప్రశ్నపత్రాలు ఎక్కిస్తారు. అది వాటిలోంచే జవాబు వెతికి, ఏ పేరా నుంచి తీసిందో చూపిస్తుంది. నొక్కితే ఆ వాక్యం దగ్గరికే తీసుకెళ్తుంది. తప్పులు అస్సలు రావని కాదు, వస్తే పట్టుకోవడం సులువు. నీట్ కోసం ఎన్‌సీఈఆర్‌టీ జీవశాస్త్రం వాక్యం వాక్యం చదివే బైపీసీ విద్యార్థికి దీనికి మించినది ప్రస్తుతం నాకు కనపడటం లేదు. పాఠాన్ని ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు ఆడియోగా మార్చే సౌకర్యం కూడా ఉంది, బస్సులో వినడానికి బాగుంటుంది.

మన పుస్తకాలతో ఒక చిక్కుంది. ఎస్‌సీఈఆర్‌టీ తెలుగు పీడీఎఫ్‌లలో చాలావాటిని యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో కూర్చారు. కంటికి తెలుగే కనిపిస్తుంది, యంత్రానికి మాత్రం అర్థం లేని గుర్తుల వరస. పరీక్షించడం తేలిక: పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే సరే, గజిబిజి వస్తే ఆ ఫైలు పనికిరాదు. అలాంటప్పుడు పేజీల బొమ్మలను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే చాలావరకు సరైన తెలుగు అక్షరాలు వస్తాయి, కాస్త దిద్దుకోవాలి. ఇంకో దారి ద్విభాషా పుస్తకాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగుగా పుస్తకాలు వచ్చాయి కదా. ఇంగ్లిష్ పేజీలు మాత్రమే ఎక్కించి, జవాబు తెలుగులో చెప్పమని అడగవచ్చు. సాంకేతిక పదాల కోసం చేతిలో ఉన్న పుస్తకంలో ఎదుటి పేజీ చూసుకోండి.

## ప్రశ్నించే ట్యూటర్లు

జవాబు చెప్పకుండా నువ్వేమనుకుంటున్నావని తిరిగి అడిగేవి ఇవి. ఖాన్ అకాడమీ 2023 మార్చిలో ఖాన్‌మిగోతో మొదలుపెట్టింది. 2025 జులైలో చాట్‌జీపీటీలో స్టడీ మోడ్, మరుసటి నెలలో జెమినైలో గైడెడ్ లెర్నింగ్ వచ్చాయి. ఈ చివరి రెండూ ఉచిత ఖాతాలోనూ దొరుకుతాయి.

పద్ధతి మంచిదే. దీనిలో లోపం సాంకేతికమైనది కాదు, మానవ స్వభావానిది. పక్కనే ఒక మీట నొక్కితే మామూలు చాట్ వచ్చేస్తుంది, జవాబు పడిపోతుంది. రాత్రి పదింటికి, రేపే అసైన్‌మెంట్ ఇవ్వాల్సిన పిల్లవాడు ఎన్ని ప్రశ్నలకు ఓపిగ్గా జవాబిస్తాడు? కాబట్టి ఇవి పనికొచ్చేది నేర్చుకోవాలని తానుగా కూర్చునే విద్యార్థికి, లేదా పక్కన పెద్దవాళ్లు ఉన్నప్పుడు. ముందు నీ సాధన మొత్తం కాగితం మీద చేసి, ఫొటో పెట్టి, ఏ మెట్టు దగ్గర తప్పిందో మాత్రం చెప్పు, సరిచేయకు అని అడగడం పిల్లలకు అలవాటు చేయించండి. మోడ్ ఏదైనా ఈ ఒక్క అలవాటు ఉంటే చాలు.

## స్థాయిని బట్టి సాధన చేయించేవి

గట్టి రుజువులున్నవి ఇవే, వాట్సాప్‌లో ఎవరూ పంపనివీ ఇవే. మెరుపులు లేవు, కబుర్లు చెప్పవు. పిల్ల ఆరో తరగతిలో ఉన్నా తీసివేతలో రెండో తరగతి దగ్గర ఆగిపోయిందని గుర్తించి, అక్కడి నుంచి లెక్కలు ఇస్తాయి.

ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ సాధన కార్యక్రమం మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెజాండ్రో గనీమియన్ చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. 619 మంది పిల్లలు, నాలుగున్నర నెలలు. లాటరీలో సీటు వచ్చిన పిల్లలు లెక్కల్లో, హిందీలో మిగతావాళ్లకంటే స్పష్టంగా ముందుకెళ్లారు. బాగా వెనకబడిన పిల్లలకు వాళ్ల బడిలో జరిగే పాఠం కంటే ఇది ఎక్కువ ఉపయోగపడింది, ఎందుకంటే తరగతి గదిలో పాఠం వాళ్లకు అందనంత ఎత్తులో నడుస్తోంది. ఒక వివరం తరచూ మరిచిపోతుంటాం. ఆ కేంద్రాల్లో రోజుకు 90 నిమిషాల్లో సగం సమయమే కంప్యూటరు. మిగతా సగం ఒక టీచింగ్ అసిస్టెంటు చిన్న గుంపుకు చెప్పేవారు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పాల్ (పర్సనలైజ్డ్ అడాప్టివ్ లెర్నింగ్) పేరుతో ట్యాబ్‌ల మీద ఇలాంటి సాధన కొన్నేళ్లుగా నడుస్తోంది. నోబెల్ గ్రహీత మైఖేల్ క్రెమర్ బృందం దాని మీద అధ్యయనం చేసింది. తెలంగాణలో 2025లో ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సాయంతో, చదవడంలో, చతుర్విధ ప్రక్రియల్లో వెనకబడిన ప్రాథమిక తరగతుల పిల్లల కోసం కొన్ని బడుల్లో ఏఐ ఆధారిత అభ్యాసం మొదలైంది. మీ బడిలో ఇలాంటిది ఉంటే కొత్త యాప్ వెతక్కండి. ఉన్న ల్యాబ్ పీరియడ్ టైంటేబుల్లో నిజంగా నడుస్తోందా, ట్యాబ్‌లు చార్జింగ్‌లో ఉన్నాయా, హెడ్‌ఫోన్లు పనిచేస్తున్నాయా అన్నవి చూడండి. పరీక్షల సీజన్‌లో మొదట ఎగిరిపోయేది ఈ పీరియడే. దీని లోటు ఏమిటంటే, ఇంట్లో ఒక పిల్ల కోసం విడిగా తెచ్చుకోవడం కష్టం. బడి పెడితేనే అవుతుంది.

ఫొటో తీస్తే లెక్క చేసే యాప్‌ల గురించి రెండు మాటలు చాలు. అవి పిల్లాడికి గైడు లాంటివి. చేసిన లెక్క సరిచూసుకోవడానికైతే మంచివి, లెక్క మొదలుపెట్టకముందే తెరిస్తే దండగ.

## మీరెవరు, మీకేది?

ఇద్దరు టీచర్లతో ఐదు తరగతులు నడిపే బడిలో ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) అయితే పిల్లలకు ఏఐ ఇవ్వాల్సిన పనిలేదు. మీకు ఒక చాట్‌బాట్ చాలు. మీరు మూడో తరగతికి పాఠం చెబుతుంటే మిగతావాళ్లకు చేతినిండా పని ఉండాలి, ఆ పని తయారు చేయించుకోండి. చదవడం నేర్చుకుంటున్న పిల్లలకు ఒత్తులు లేని పదాలతో ఒక చెరువు, ఒక కొంగ, ఒక చేప ఉన్న చిన్న కథ రాయమనండి, వాక్యానికి నాలుగైదు పదాలు దాటొద్దని చెప్పండి. కథ బాగుంటుంది, మధ్యలో ఎక్కడో ‘అన్నది’, ‘వచ్చింది’ అంటూ ఒత్తులు దూరిపోతాయి. ఒకటికి రెండుసార్లు చదివి దిద్దుకుంటే మీ పిల్లల ఊరి పేర్లు, వాళ్లకు తెలిసిన పిట్టల పేర్లతో సొంత రీడర్ తయారవుతుంది. తెలుగు టైపింగ్ విసుగైతే జీబోర్డ్‌లో మైకు నొక్కి మాటతోనే అడగండి.

హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్ అయితే నోట్‌బుక్‌ఎల్ఎమ్‌లో తరగతికో నోట్‌బుక్ పెట్టుకోండి. పాఠం, గత సంవత్సరాల ప్రశ్నలు, మీ నోట్సు ఒకచోట ఉంటే ఏటా పని తగ్గుతుంది. ఛందస్సు, సంధులు, సమాసాలు మాత్రం దేనికీ అప్పగించొద్దు. భౌతికశాస్త్రంలో ఘర్షణ లాంటి పాఠానికి తరగతిలోనే చేయదగ్గ ప్రయోగాలు అడిగితే మంచివి వస్తాయి, పటాలు గీయమంటే మాత్రం బాణాలు తప్పు దిశలో పెట్టేస్తుంది.

పిల్లల ప్రాజెక్టు పనుల్లో ఏఐ రాతను పట్టుకునే యాప్ కావాలని చాలామంది అడుగుతున్నారు. వద్దు. ఓపెన్‌ఏఐ తాను చేసిన అలాంటి సాధనాన్నే సరిగ్గా పనిచేయడం లేదని 2023 జులైలో తీసేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కాని విద్యార్థులు స్వయంగా రాసిన 91 టోఫెల్ (ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష) వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చి చూస్తే, సగటున సగానికి పైగా వ్యాసాలు ఏఐ రాసినవని తేలాయట. ఇంగ్లిష్ మీడియంలో రాసే మన పిల్లలు ఆ ప్రమాదపు అంచునే ఉన్నారు. ప్రాజెక్టు తెచ్చిన పిల్లను పక్కన నిలబెట్టి మూడు ప్రశ్నలడగడం ఏ యాప్ కంటే నమ్మకమైన పరీక్ష.

ఇంటర్ విద్యార్థులు, డీఎస్సీ, టెట్ రాసేవాళ్లు: మీరు పెద్దవాళ్లు, నియంత్రణ మీ చేతిలోనే. ఎంపీసీ వాళ్లకు స్టడీ మోడ్, బైపీసీ వాళ్లకు, డీఎస్సీ వాళ్లకు పుస్తకం ఎక్కించిన నోట్‌బుక్‌ఎల్ఎమ్. ఎప్‌సెట్ మాక్ టెస్టులో తప్పిన ప్రశ్నలను మాత్రమే తీసుకెళ్లి అడగండి. కొత్త అధ్యాయం మొదటిసారి చదివేటప్పుడు ఫోను పక్క గదిలో ఉంటే మేలు. మెథడాలజీ బిట్లు చాట్‌బాట్‌తో తయారు చేసుకునేవాళ్లు కీని అకాడమీ పుస్తకంతో సరిచూడకపోతే తప్పు జవాబే గట్టిగా బట్టీ పట్టినట్టవుతుంది.

ఇంట్లో ఒకే ఫోను, ప్రాథమిక తరగతి పిల్ల ఉంటే చాట్‌బాట్ ఆమెకు అసలు ఇవ్వకండి. పదేళ్ల లోపు పిల్లకు కావాల్సింది గట్టిగా చదవడం, చదివింది వినేవాళ్లు ఉండటం. అమ్మానాన్నలు పెద్దగా చదువుకోకపోయినా ఫర్వాలేదు, పిల్ల పాఠ్యపుస్తకం నుంచి పైకి చదువుతుంటే పక్కన కూర్చుంటే చాలు. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్షా వేదిక మీద ఆ పాఠం వీడియోలు వస్తాయి. అది ఏఐ కాదు, డబ్బులూ అడగదు, పాఠం మాత్రం మన పుస్తకంలోదే. ఇంగ్లిష్ మీడియం హోంవర్క్ మీకు అర్థం కాకపోతే చాట్‌బాట్‌ను మీరే అడగండి, తెలుగులో అర్థం చేసుకుని, పిల్లకు మీ మాటల్లో చెప్పండి.

విదేశాల్లో పెరుగుతున్న పిల్లలకు తెలుగు నేర్పేవాళ్లకు నా సలహా కొంచెం తిరగేసి ఉంటుంది. వారాంతంలో మనబడి తరగతికి వెళ్లొచ్చే పిల్లకు వారంలో మిగతా రోజులు తెలుగులో మాట్లాడే తోడు దొరకడమే కష్టం. జెమినై లైవ్‌లో 2024 చివరి నుంచి తెలుగులో మాట్లాడవచ్చు. అది మాట్లాడే తెలుగు కాస్త పుస్తకాల భాషలా, వార్తలు చదివినట్టు ఉంటుంది, నాన్నమ్మ యాస రాదు. కానీ పిల్ల తప్పుగా మాట్లాడితే నవ్వదు, విసుక్కోదు, ఎన్నిసార్లయినా చెబుతుంది. మీరు పక్కనుండి పదిహేను నిమిషాలు మాట్లాడించండి, తర్వాత అదే సంగతి నాన్నమ్మకు ఫోన్ చేసి చెప్పించండి.

## డబ్బు కట్టాలా?

ఎక్కువమందికి అక్కర్లేదు. రోజుకు ఒకటి రెండు వర్క్‌షీట్లు, కొన్ని ప్రశ్నలు అయితే ఉచిత ఖాతా సరిపోతుంది. పరిమితి అడ్డొస్తోందని వరసగా కొన్ని వారాలు అనిపిస్తే అప్పుడు ఆలోచించండి. చాట్‌జీపీటీ గో పథకం 2025 ఆగస్టులో మన దేశంలో నెలకు ₹399 ధరతో మొదలైంది. ఏడాది ఉచితం, రీచార్జితో ఉచితం లాంటి ఆఫర్లు కూడా వస్తున్నాయి. అలాంటి ఆఫర్ తీసుకుంటే యూపీఐలో ఆటోపే అనుమతి ఇచ్చారేమో చూసుకుని, గడువు తేదీకి వారం ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. స్టాఫ్‌రూమ్‌లో పది మంది కలిసి ఒక ఖాతా కొనుక్కుని పాస్‌వర్డ్ పంచుకునే పద్ధతి మాత్రం వద్దు. ఒకరి ప్రశ్నపత్రం ముసాయిదా ఇంకొకరి చాట్ చరిత్రలో కనిపిస్తుంది, ఎస్ఏ (సమ్మేటివ్) పరీక్షలకు ముందు అది ఎవరికీ మంచిది కాదు.